వెనక కాలిపర్ కిట్: ఏ బండికి మందు, ఏ బండికి దండగ

వెనక డిస్క్ బ్రేకు వదలడం లేదని మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, చక్రం ఒకసారి తిప్పి చూసి "కాలిపర్ కిట్ వెయ్యాలన్నా" అనేస్తారు. కాలిపర్ అంటే లోపలి పిస్టన్‌తో ప్యాడ్లని నొక్కి డిస్క్‌ని పట్టుకునే భాగం. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయితే చాలాసార్లు ఆ మాట కూడా ఉండదు, కాలిపర్ మొత్తం మార్చాలంటారు. ఇక్కడ చూస్తున్నది ఆ మొదటి సరుకు గురించి: 150 సీసీ నుంచి 400 సీసీ దాకా ఉన్న పల్సర్లు, అపాచీలు, డ్యూకులు, కొత్త క్లాసిక్ 350 లాంటి బండ్ల వెనక చక్రానికి ఉండే సింగిల్ పిస్టన్ కాలిపర్‌కి దొరికే రిపేర్ కిట్. కాలిపర్ తయారీ బైబ్రేదైనా, ఎండ్యూరెన్స్‌దైనా, నిస్సిన్‌దైనా లోపలి పనితీరు దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పేది అన్నిటికీ సరిపోతుంది. కొలతలు మాత్రం ఒకదానివి ఇంకోదానికి కుదరవు.

ముందే తేల్చి చెప్పాలంటే కిట్ మంచి సరుకే. పెట్టిన డబ్బుకి ఇంత పనిచేసే స్పేర్ పార్టులు బండిలో తక్కువ. కాకపోతే చక్రం పట్టెయ్యడానికి అరడజను కారణాలుంటే, ఇది నయం చేసేది అందులో ఒకటీ రెండూ మాత్రమే. మిగతా కారణాలకి ఇదే కిట్ వేసి, వారం తిరక్కుండా మళ్లీ బ్రేకు పట్టేస్తే "కిట్ డూప్లికేట్" అని షాపు మీద పడిపోవడం మామూలైపోయింది. తప్పు చాలావరకు కిట్‌ది కాదు, ఏం చెడిందో చూడకుండా విప్పినవాళ్లది.

కవర్‌లో ఏముంటుందంటే: పిస్టన్ చుట్టూ లోపలి గాడిలో కూర్చునే మందపాటి ప్రెషర్ సీలు ఒకటి, బయటి గాడిలో దుమ్మును ఆపే పల్చటి డస్ట్ సీలు ఒకటి. కొంచెం ఖరీదు రకంలో పిస్టన్ కూడా ఇస్తారు. కొన్నిట్లో స్లైడ్ పిన్నుల (కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీల) రబ్బరు బూట్లు, చిన్న పొట్లంలో గ్రీజు వస్తాయి, కొన్నిట్లో రావు. కొనేటప్పుడు కవర్ మీద పేరు కాదు, లోపల ఎన్ని ముక్కలున్నాయో చూసుకోవాలి. ఒకే బండికి, ఒకే షాపులో, రెండు రకాల కిట్లు పక్కపక్కనే ఉంటాయి.

ఆ మందపాటి సీలు చేసే పని తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చాలామంది అనుకునేట్టు అది ఆయిల్ కారకుండా ఆపడానికి మాత్రమే కాదు. దాన్ని అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉండదు, చదరంగా ఉంటుంది. పెడల్ తొక్కగానే పిస్టన్ ముందుకు జరుగుతూ సీలు లోపలి అంచుని కొంచెం తనతో లాక్కెళుతుంది. పెడల్ వదిలాక, మెలిపడిన ఆ రబ్బరు మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. డిస్క్ కాలిపర్‌లో పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్ ఇంకేదీ లేదు. వెంట్రుకవాసి దూరం ఈ రబ్బరు లాగితేనే ప్యాడు డిస్క్‌ని వదులుతుంది. రబ్బరు గట్టిపడినా, ఉబ్బినా, దాని వెనక గాడిలో తెల్లటి పొడి పేరుకుని పిస్టన్ మీదకి దాన్ని నొక్కేసినా, ఆ లాగుడు పోతుంది. ఇదీ కిట్ బాగుచేసే జబ్బు.

ఇక్కడో సంగతి. బ్రేకు పట్టెయ్యడం చాలా బండ్లలో కొత్త ప్యాడ్లు వేసిన మర్నాడే మొదలవుతుంది. ప్యాడ్లు బాలేవని అనుకుంటారు. అసలు జరిగేది వేరు. పాత ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వచ్చి, బయటికొచ్చిన ఆ భాగం బురద, తుప్పు పట్టి గరుకుగా తయారవుతుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి మెకానిక్ స్క్రూ డ్రైవర్ పెట్టి పిస్టన్‌ని లోపలికి తోసేస్తాడు. ఆ గరుకంతా సీళ్లను గీసుకుంటూ లోపలికి వెళ్లి కూర్చుంటుంది. తోసే ముందు పిస్టన్‌ని కొంచెం బయటికి పంపించి, బ్రేక్ క్లీనర్, పాత టూత్ బ్రష్షుతో చుట్టూ శుభ్రం చేసి ఉంటే కిట్ అవసరమే వచ్చేది కాదు.

కొనే ముందు చూడాల్సినవి

మొదట అది బ్రేకేనా కాదా అని తేల్చాలి. సెంటర్ స్టాండ్ మీదో ప్యాడాక్ స్టాండ్ మీదో వేసి, న్యూట్రల్‌లో చక్రం తిప్పండి. చైను లాగుడు ఉంటుంది కాబట్టి వెనక చక్రం ముందు చక్రంలా తిరుగుతూనే ఉండదు, గట్టిగా తిప్పితే ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగడం మామూలే. ప్యాడు డిస్క్‌కి తగిలీ తగలనట్టు సర్‌సర్‌మని సన్నటి శబ్దం కూడా జబ్బు కాదు. అర చుట్టు కూడా తిరక్కుండా ఆగితే అనుమానించాలి. అప్పుడు కాలిపర్ బోల్టులు విప్పి దాన్ని డిస్క్ మీంచి పక్కకి తప్పించి మళ్లీ తిప్పండి. అప్పుడూ బిగుతుగానే ఉంటే కాలిపర్‌ని వదిలేసి చైను బిగువు, వీల్ బేరింగులు, ఇరుసు మీద స్పేసర్లు చూడాలి. పంక్చర్ వేసిన తర్వాత మొదలైన బిగువు అయితే, కాలిపర్ తప్పించాక వదిలినా సరే, ముందుగా స్పేసర్లే చూడండి. కుడివైపుది ఎడమవైపు వేసేస్తే కాలిపర్ బ్రాకెట్ పక్కకి జరిగి డిస్క్ ఒక పక్క ప్యాడుకి ఒరుసుకుంటుంది. బ్రాకెట్ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చట్రం) గాడిలో సరిగా కూర్చోకుండానే ఇరుసు బిగించేసినా ఇలాగే అవుతుంది.

స్టాండ్ మీద అంతా బాగానే ఉండి రోడ్డు మీదే పట్టేస్తుంటే ఇంకో పరీక్ష ఉంది. నాలుగైదు కిలోమీటర్లు ముందు బ్రేకు మాత్రమే వాడుతూ నడిపి, ఆగి, వెనక డిస్క్ మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. వెనక బ్రేకు ముట్టుకోకపోయినా చుయ్‌మని ఆవిరైపోతే అది పట్టేస్తున్నట్టే. వేలు పెట్టి చూడకండి, కాలి బొబ్బ లేస్తుంది.

తర్వాతి ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఉండి, నడిచేకొద్దీ బిగుస్తోందా, లేక పొద్దున తీసేసరికే బిగుతుగా ఉందా? మొదటి రకమైతే ఆయిల్‌లో ప్రెషర్ ఎక్కడో చిక్కుకుపోతోంది. రెండో రకమైతే చాలావరకు పిస్టనో, పిన్నులో, ప్యాడ్లో కదలడం లేదు. దీన్ని రూఢి చేసుకోవడానికి ఉన్న పరీక్ష చాలా చవకైనది. ఎందుకోగానీ మన షాపుల్లో దాన్ని చేసేవాళ్లు తక్కువ. బ్రేకు పట్టేసి ఉన్నప్పుడే కాలిపర్ మీద గాలి తియ్యడానికి ఉండే బ్లీడర్ నిపుల్‌కి పారదర్శకమైన సన్న గొట్టం తగిలించి, నిపుల్ అర చుట్టు వదులు చెయ్యండి. ఆయిల్ చిమ్మి చక్రం టక్కున వదిలేస్తే, కాలిపర్ తప్పు లేదు. పైన మాస్టర్ సిలిండరో (పెడల్ తొక్కితే ఆయిల్‌లో ప్రెషర్ పుట్టించేది), గొట్టమో ప్రెషర్‌ని వదలడం లేదు. నిపుల్ వదిలినా చక్రం అలాగే బిగిసి ఉంటే, అప్పుడు దోషం కాలిపర్‌లో ఉంది. ఈ ఒక్క నిమిషం పనితో కిట్ కొనాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది.

నిపుల్ వదలగానే చక్రం వదిలిందనుకుందాం. మాస్టర్ సిలిండర్ దగ్గర గొట్టాన్ని బిగించే బాంజో బోల్టు వదిలి ఇదే పరీక్ష మళ్లీ చేస్తే, అక్కడా వదిలితే మాస్టర్ సిలిండర్, అక్కడ వదలక కింద నిపుల్ దగ్గరే వదిలితే మధ్యలో గొట్టం. పాత రబ్బరు గొట్టం లోపల పొర ఊడి, ఆయిల్‌ని కిందికి పోనిచ్చి వెనక్కి రానివ్వకుండా ఆపుతుంది. బయటికి చూస్తే గొట్టం నిక్షేపంలా ఉంటుంది. రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉన్న బండి అయితే మధ్యలో బ్రేక్ ప్రెషర్‌ని అదుపు చేసే మాడ్యులేటర్ కూడా ఉంటుంది. ముందు చక్రానికే ఏబీఎస్ ఉండే సింగిల్ ఛానల్ బండ్లలో చాలావాటికి వెనక లైను దానిలోంచి పోదు కాబట్టి వెతుకులాట తేలిక.

మాస్టర్ సిలిండర్ అని తేలితే కూడా అది చెడిపోయిందని కాదు. లోపల ఆయిల్ డబ్బాలోకి తెరుచుకునే సూదిమొనంత రంధ్రం ఉంటుంది. పెడల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు అది తెరిచి ఉండాలి. వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఆ రంధ్రం గుండానే డబ్బాలోకి తిరిగి వెళుతుంది. పెడల్ ఎత్తు తగ్గించాలనో పెంచాలనో పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఉండే పుష్ రాడ్ నట్టు తిప్పినవాళ్లు పెడల్ ఆటని మింగేస్తారు. పెడల్ పైనున్నా రాడ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని కొంచెం నొక్కే ఉంచుతుంది, రంధ్రం మూసుకుపోతుంది, ఆయిల్ వేడెక్కుతుంది, బ్రేకు తనంతట తానే పడుతుంది, అది ఇంకా వేడి పుట్టిస్తుంది. చల్లారాక మళ్లీ మామూలు. లాక్ నట్టు వదులు చేసి, పెడల్ పైన ఆగినప్పుడు రాడ్‌కి కొద్దిగా ఆట ఉండేట్టు సరిచేస్తే ఖర్చు సున్నా. పెడల్ ఇరుసు బురద పట్టి ఎండిపోయినా, స్ప్రింగు సాగినా, పడినప్పుడు పెడల్ లోపలికి వంగి దేనికో తగులుతున్నా ఫలితం ఇదే. చేత్తో పెడల్‌ని పైకి ఎత్తితే చక్రం వదిలితే కిట్ జోలికి పోనక్కర్లేదు. డబ్బా మూత దాకా బ్రేక్ ఆయిల్ నింపేసినా వేడికి పెరగడానికి చోటు ఉండదు. గీత వరకే ఉండాలి. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాలిపర్‌లోనే దోషమని తేలినా, పిస్టన్ కన్నా ముందు చూడాల్సింది స్లైడ్ పిన్నులు. కాలిపర్ ఒక పక్కే పిస్టన్‌తో నొక్కుతుంది. అవతలి ప్యాడు కూడా డిస్క్‌ని పట్టాలంటే కాలిపర్ మొత్తం ఆ పిన్నుల మీద జరగాలి, వదిలేటప్పుడు మళ్లీ వెనక్కి జరగాలి. ప్యాడ్లు తీసేసి కాలిపర్‌ని చేత్తో అటూ ఇటూ జరిపితే నునుపుగా జరగాలి. జరగకపోతే పిన్నులు లాగి, పాత గ్రీజు తుడిచి, తుప్పు తీసి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి పెడితే చాలు. పిన్నులు రెండూ ఒకేలా కనిపించినా చాలా కాలిపర్లలో ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది, ఎక్కడిది అక్కడే పెట్టాలి. బేరింగులకి వాడే ఏపీ3 గ్రీజు ఇక్కడ రాయకూడదు. పెట్రోలియం గ్రీజు బూటు రబ్బరుని ఉబ్బిస్తుంది, నెల తిరిగేసరికి పిన్ను ముందుకంటే గట్టిగా పట్టేస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో బండి మీద డీజిల్ కొట్టించే అలవాటు ఉన్న ఊళ్లలో ఈ బూట్లు తొందరగా పోవడానికి కారణం కూడా అదే. దానికి తోడు ప్రెషర్ గన్ సూటిగా కాలిపర్ మీద పెడితే నీళ్లు బూటు లోపలికి దూరి అక్కడే ఉండిపోతాయి.

ప్యాడ్ల అరుగుదల కూడా కొంత చెబుతుంది. బయటి ప్యాడు మాత్రమే ఎక్కువ అరిగితే పిన్నుల మీద అనుమానం. పిస్టన్ వైపు ప్యాడే ఎక్కువ అరిగితే పిస్టనూ కావచ్చు, పిన్నులూ కావచ్చు. ఒక చివర మందంగా, ఇంకో చివర పల్చగా వాలుగా అరిగితే ఒక పిన్ను పట్టేసిందనో, ప్యాడు చెవులు బ్రాకెట్‌లో బురదతో ఇరుక్కున్నాయనో అర్థం. ప్యాడ్లని పట్టి ఉంచే ప్యాడ్ పిన్ను మీద గాడులు పడితే ప్యాడు ఆ గాడిలో ఆగిపోతుంది. గోరుకి తగిలే గాడి ఉంటే పిన్ను మార్చండి, పెద్ద ఖరీదు కాదు.

ఇవన్నీ దాటాక, ప్యాడ్లు తీసి, డబ్బా మూత వదులు చేసి, పిస్టన్‌ని రెండు బొటనవేళ్లతో నొక్కి చూడండి. ఆరోగ్యంగా ఉన్న సింగిల్ పిస్టన్ వేళ్ల బలానికే లోపలికి దిగుతుంది. పానా పట్టుకుంటే గానీ కదలని పిస్టన్‌కి కిట్ కావాలి. అప్పుడు కొనండి.

షాపులో

హైదరాబాద్ పుత్లీబౌలిలో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ బండి పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఒకే మోడల్‌కి తయారైన సంవత్సరాన్ని బట్టి, ఏబీఎస్ ఉన్నదాన్ని బట్టి కాలిపర్ మారుతుంది. కాలిపర్ మీద ఉన్న తయారీదారు పేరు ఫొటో తీసుకుని, వీలైతే పిస్టన్ వ్యాసం వెర్నియర్‌తో కొలుచుకుని వెళ్లండి. పాత సీలుతో కొత్తదాన్ని పోల్చి "సైజు తేడా ఉంది" అని తిప్పి పంపకండి. ఆయిల్‌లో నానిన పాత రబ్బరు ఎప్పుడూ కొంచెం పెద్దగానే ఉంటుంది. చూడాల్సింది అంచులు: ప్రెషర్ సీలు కోత పదునుగా, నాలుగు మూలలూ స్పష్టంగా ఉండాలి. అచ్చు నుంచి వచ్చిన పిలకలు వేలాడుతున్నా, మూలలు గుండ్రంగా ఉన్నా తీసుకోవద్దు. ఆ సీలు ఆయిల్‌ని ఆపుతుందేమో గానీ పిస్టన్‌ని వెనక్కి లాగదు. కవర్ మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, తయారైన నెల ఉండాలి. ఎండ తగిలే అద్దాల అల్మారాలో ఏళ్లుగా వేలాడిన కిట్ అసలుదైనా వదిలెయ్యడమే మంచిది.

సీళ్లు మాత్రమే ఉన్న కిట్ తీసుకోవాలా, పిస్టన్‌తో కలిపి తీసుకోవాలా అంటే, పాత పిస్టన్‌ని బయటికి తీసి చూశాకే తేలుతుంది. ఉక్కు పిస్టన్ మీద క్రోమ్ పూత ఉంటుంది. సీలు ఒరుసుకునే చోట ఆ పూత లేచి, గోరుకి తగిలే గుంటలు పడితే కొత్త పిస్టన్ తప్పదు. పైపై మరకలైతే చాలా సన్నటి వెయ్యి నంబరు దాటిన వాటర్ పేపర్‌ని తడిపి తేలిగ్గా తుడిస్తే పోతాయి. అంతకంటే గరుకు కాగితం పెడితే పూతే పోతుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో, లేదా వానాకాలం నల్లరేగడి బురదలో తిరిగే బండి అయితే పిస్టన్ ఉన్న కిట్టే తెచ్చుకోండి, రెండోసారి బజారుకి తిరగడం తప్పుతుంది.

బిగించడం

కిట్‌లో కాగితం ముక్క కూడా పెట్టరు, అందుకే ఈ భాగం కొంచెం వివరంగా. ముందు గొట్టం విప్పకండి. కాలిపర్ డిస్క్ మీంచి దించి, ప్యాడ్లు తీసి, పెడల్‌ని మెల్లగా తొక్కుతూ పిస్టన్‌ని ఆయిల్ ప్రెషర్‌తోనే దాదాపు బయటికి రప్పించండి. గొట్టం విప్పేశాక బిగిసిన పిస్టన్‌ని తియ్యడం నరకం. అప్పుడు కంప్రెసర్ గాలి పెట్టాలి. గాలి పెడితే ఎదురుగా చెక్కముక్క, గుడ్డ తప్పనిసరి, పిస్టన్ తుపాకి గుండులా వస్తుంది, వేళ్లు ఆ దారిలో ఉండకూడదు. పిస్టన్ బయటి గోడని కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగడం మాత్రం ఎప్పుడూ వద్దు.

పాత సీళ్లను చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ మొనతోనో తియ్యండి. స్క్రూ డ్రైవర్ మొన అల్యూమినియం గాడి మీద గీత పెడితే ఆయిల్ ఆ గీతలోంచే కారుతుంది. ఇప్పుడు అసలు పని: గాడి. సీలు కింద గట్టిపడిన తెల్లటి పొడిని పూర్తిగా గోకి తీసే దాకా వదలకండి. కొత్త సీలు వేసినా బ్రేకు పట్టేస్తోందని వచ్చే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది శుభ్రం చెయ్యని ఈ గాడే. ఇత్తడి బ్రష్షు, బ్రేక్ క్లీనర్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగడం మన మెకానిక్కుల చేతి అలవాటు. గాడిలో మిగిలిన ఆ నూనె కొత్త రబ్బరుని మొదటి రోజునుంచే ఉబ్బిస్తుంది.

కొత్త సీళ్లకీ, పిస్టన్‌కీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ, బ్రేకులకోసమే అమ్మే రబ్బరు గ్రీజు గానీ రాసి, మెలిక పడకుండా కూర్చోబెట్టండి. మందపాటిది లోపలి గాడికి, పల్చటిది బయటి గాడికి. సీలు ఒక పక్క సన్నగా ఉంటే పాతది ఎటు తిరిగి ఉందో అటే. పిస్టన్ నిటారుగా, వేళ్లతోనే దిగాలి. ఒక పక్కకి ఒరిగితే ఆపి, తీసి, మళ్లీ పెట్టండి. సుత్తి అవసరం పడితే ఏదో తప్పు జరుగుతోందని అర్థం.

బాంజో బోల్టుకి రెండు వైపులా వాషర్లు కొత్తవి వెయ్యాలి. బిగువు మాటకొస్తే, బ్లీడర్ నిపుల్‌కి 5 నుంచి 8 న్యూటన్ మీటర్లు, బాంజోకి, 8 మిల్లీమీటర్ల కాలిపర్ బోల్టులకి 20 నుంచి 30 మధ్య ఉంటుంది మామూలుగా. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ఏదైతే అదే ఖాయం. నిపుల్ లోపల బోలుగా ఉంటుంది, బలం చూపిస్తే విరిగి కాలిపర్‌లోనే ఉండిపోతుంది.

డబ్బా మూత మీద బ్రేక్ ఆయిల్ రకం డాట్ 4 అని ఉంటే అదే పొయ్యాలి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్, డాట్ 5.1 అది కాదు. డాట్ 5ని వీటితో కలపకూడదు. వెనక లైను మొత్తం కడగడానికి పావు లీటరు సీసా సరిపోతుంది. మిగిలినది దాచుకోవద్దు, మూత తీసిన సీసా తేమ పీల్చుకుంటూనే ఉంటుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడిగెయ్యాలి, గుడ్డతో రుద్దితే రంగు గుడ్డకే వస్తుంది.

గాలి తీసేటప్పుడు నిపుల్ కాలిపర్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. కొన్ని బండ్లలో బిగించిన స్థితిలో అలా ఉండదు. అప్పుడు కాలిపర్ దించి, ప్యాడ్ల మధ్య చెక్క ముక్క పెట్టి, నిపుల్ పైకి తిప్పి గాలి తియ్యాలి. డబ్బా ఖాళీ అవ్వనివ్వకండి. ఏబీఎస్ మాడ్యులేటర్‌లోకి గాలి పోతే దాన్ని వదిలించడానికి సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించాల్సి వస్తుంది. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కడం మరిచిపోవద్దు, మొదటి నాలుగైదు తొక్కుళ్లకి బ్రేకే ఉండదు.

కిట్‌కి మార్కులు

ఐదుకి నాలుగు. తగ్గించిన ఒక్క మార్కు కవర్‌లో లేనివాటికి. బాంజో వాషర్లు రెండూ విప్పిన ప్రతిసారీ మార్చాల్సినవే, అయినా ఇవ్వరు. స్లైడ్ పిన్ను బూట్లు సీళ్లతోపాటే ముసలివవుతాయి, చవక కిట్లలో అవీ ఉండవు. కాలిపర్ విప్పి కూర్చున్నాక వీటికోసం బజారుకి పరిగెత్తడం విసుగు.

ధర సంగతి: కిట్లు వందల్లో, కొత్త కాలిపర్ వేలల్లో. కూలి, ఆయిల్, వాషర్లు కలుపుకున్నా కిట్ దారే చవక. అయితే కాలిపర్ సిలిండర్ గోడ మీదే లోతైన గుంటలున్నా, నిపుల్ విరిగినా, పిన్ను కన్నం అరిగి కాలిపర్ గలగలలాడుతున్నా కిట్ మీద డబ్బు పెట్టకండి, కాలిపర్ మార్చెయ్యండి. ఇంకో సందర్భం: ఎవరో డబ్బాలో ఇంజనాయిల్ పోశారు. మూత కింద రబ్బరు పొర ఉబ్బి తన చోట పట్టకుండా ఉంటే అదే గుర్తు. అప్పుడు కాలిపర్ సీళ్లు ఒక్కటే మారిస్తే లాభం లేదు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు, గొట్టం, ఆ పొర, అన్నీ మారాలి. రెండు చక్రాల ఏబీఎస్ ఉంటే బిల్లు ఎక్కడికి పోతుందో చెప్పలేం.

పని మెకానిక్‌కి ఇచ్చేవాళ్లు పాత సీళ్లు, పాత వాషర్లు తిరిగి ఇమ్మని ముందే అడగండి. గాడి శుభ్రం చేశాక, సీళ్లు వెయ్యక ముందు ఒక ఫొటో పంపమనండి. మంచి చేతి మెకానిక్ దీనికి నొచ్చుకోడు. గంటన్నర నుంచి రెండు గంటల పని ఇది. పావుగంటలో అయిపోయిందంటే పిస్టన్ బయటికే రాలేదని లెక్క.

బిగించాక మొదటి వంద కిలోమీటర్లలో ఒకసారి టార్చి వేసి డస్ట్ సీలు చుట్టూ, బాంజో చుట్టూ తడి ఉందేమో చూడండి. డబ్బాలో మట్టం గీత దగ్గరే ఉండాలి. నీళ్ల చుక్కల పరీక్ష ఇంకోసారి చేసి, డిస్క్ మీద చుక్క మరగకుండా నిలిస్తే, పెడల్ ఎత్తుని ఇక ఎవరినీ ముట్టుకోనివ్వకండి.